మంచు క్రింది పాచిని చూసినవాడు

మా వూరి చెరువు తూము దగ్గర పాచి పట్టిన బండ ఒకటుంది. దానిమీద కాలుజారి ఒక్కసారైనా పడని పిల్లవాడు మా వూళ్ళో ఉండడు. నేనూ పడ్డాను. మోకాలు చిట్లింది. ఇంటికి పోయాక బాపు చేతిలో దెబ్బలు అదనం. పాచి గూర్చి చిన్నప్పటినుంచీ నాకు తెలిసిందల్లా అంతే. అది జారుతుంది, బట్టలకంటితే పోదు, ఎండాకాలం వాసన కొడుతుంది. అట్లాంటి పాచిని చూడడానికి ఒక మనిషి భూగోళం అడుగుదాకా పోయి, పదిహేను అడుగుల మందం మంచును తొలిపించాడని విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పోయి రెండేళ్ళయింది. అందుకే సంచికకు ఏదైనా వ్రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, ఆయన గూర్చే వ్రాద్దామనుకొన్నాను.

ఆయన పేరు జేమ్స్ ముర్రే. ధ్రువయాత్రల చరిత్ర చదివినవారికీ, చెరువునీటిలోని సూక్ష్మజీవులను పరిశీలించేవారికీ ఈ పేరు బాగా పరిచితం. మనలో చాలామందికి మాత్రం షాకిల్టన్ తెలుసు, స్కాట్ తెలుసు, అమండ్‌సెన్ తెలుసు. జెండా పాతడానికి పోయినవాళ్ళను లోకం గుర్తుపెట్టుకొంటుంది. జెండాల సంగతి వదిలేసి కుంటలోకి వంగి చూసినవాడి కథ ఇది.

నాకు ఆయన పరిచయమైన తీరు ముందు చెప్పాలి. మొదటి సంవత్సరం ప్రాక్టికల్సులో ఎవరి వూరి నీళ్ళు వాళ్ళు తెమ్మన్నారు మా లెక్చరరు గారు. సెలవులకు పోయినప్పుడు ఆ బండమీది పాచి కొంచెం గీకి, చెరువునీళ్ళతో సహా హార్లిక్స్ సీసాలో పోసుకొని బయలుదేరాను. బస్సులో మూత వదులై ప్రక్కనున్న పెద్దమనిషి పంచె తడిసింది. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ వ్రాయదగినవి కావు. మిగిలిన నీళ్ళలో ఒక చుక్కను గాజుపలకమీద వేసి మైక్రోస్కోపులో చూస్తే, జలగలాగా ముడుచుకొంటూ సాగుతూ పోయే చిన్న జీవి ఒకటి కనిపించింది. కొంతదూరం పోయి, తోక ఒకచోట ఆనించి, నిలబడి, తలమీద రెండు చక్రాలు గిర్రున తిప్పడం మొదలుపెట్టింది. నిజానికవి చక్రాలు కావు. గుండ్రంగా అమరిన సన్నని కేశాలు ఒకదాని వెంట ఒకటి వంగుతూ లేస్తుంటే మన కంటికి చక్రం తిరిగినట్లుంటుంది. ఆ సుడిలో నీళ్ళు నోట్లోకి వస్తాయి, నీళ్ళతో పాటు బాక్టీరియా, నాచు తునకలు వస్తాయి. అదే దాని భోజనం. పొడవు మిల్లీమీటరులో సగం కూడా లేదు.

దీన్ని రోటిఫెర్ అంటారని లెక్చరరు గారు చెప్పారు. ఇట్లాంటివే దక్షిణ ధ్రువ ఖండంలో మంచు కప్పిన సరస్సుల అడుగున బ్రతుకుతున్నాయనీ, జేమ్స్ ముర్రే అనే స్కాట్లండు ఆయన వాటిని వెదికి పట్టుకొన్నాడనీ అంటూ ముందుకు పోయారు. అది సిలబసులో లేదు. ఆ సాయంత్రం లైబ్రరీకి పోయాను. అప్పటినుంచి దొరికినచోటల్లా చదువుతూ, అడుగుతూ కూర్చుకొన్నదే ఈ వ్యాసం.

ముర్రే 1865 జూలై 21న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో పుట్టాడు. చేతిలో పెద్ద ఆస్తులేమీ లేకపోయినా నాచుల మీదా, నాచుల్లో బ్రతికే సూక్ష్మజంతువుల మీదా మనసు పడ్డవాడు. రాతిమీద పెరిగే నాచును గుప్పెడు తీసి, నీళ్ళలో జాడించి, ఆ నీళ్ళ అడుగున తేరుకొన్న మడ్డిని మైక్రోస్కోపు క్రింద పెడితే అదొక ఊరంత ఉంటుంది. రోటిఫెర్లుంటాయి. ఎనిమిది కాళ్ళతో ఎలుగుబంటిలాగా బరువుగా నడిచే టార్డిగ్రేడులుంటాయి. వీటిని నీటి ఎలుగులని కూడా అంటారు. ముర్రే ఈ రెండు తెగల జీవులనూ జీవితాంతం వదలలేదు. నేటికీ రోటిఫెర్ల పట్టికలు తిరగేస్తే చాలా జాతుల పేర్ల ప్రక్కన ఆయన ఇంటిపేరే ఉంటుంది, మొదట వర్ణించినవాడు ఆయన కాబట్టి.

1902లో ఆయనకు ముప్ఫయ్యారు, ముప్ఫయ్యేడేళ్ళ వయసులో అసలైన పని దొరికింది. సముద్ర శాస్త్రంలో పేరుమోసిన సర్ జాన్ ముర్రే స్కాట్లండు సరస్సులన్నిటి లోతులూ కొలిపించే పని తలపెట్టాడు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే గాని ఈయన వేరు. అక్కడ సరస్సును లాక్ అంటారు. పడవలో పోయి, తీగకు గుండు కట్టి దించి, మళ్ళీ లాగి, అంకె వ్రాసుకొని, ఇంకొంచెం ముందుకు పోయి మళ్ళీ దించడం. ఇట్లా 562 సరస్సుల్లో కొలిచారు. ఒక్క లాక్ నెస్ లోతే 754 అడుగులు తేలింది. మన జేమ్స్ ముర్రే ఆ బృందంలో జీవశాస్త్రజ్ఞుడు. తక్కినవారు లోతు కొలుస్తుంటే ఆయన సన్నని పట్టువలతో నీళ్ళు వడగట్టి అందులో ఏం బ్రతుకుతున్నదో చూసేవాడు. ఆ సర్వే ఫలితాలు 1910లో ఆరు సంపుటాలుగా అచ్చయ్యాయి. చలిదేశపు సరస్సుల్లో, చేతులు కొంకర్లు పోయే నీళ్ళలో ఏళ్ళతరబడి చేసిన ఈ పని ఆయనకు తర్వాత అక్కరకొచ్చింది.

1907లో ఎర్నెస్ట్ షాకిల్టన్ నిమ్రోడ్ అనే ఓడలో దక్షిణ ధ్రువానికి ప్రయాణం కట్టాడు. జీవశాస్త్రజ్ఞుడిగా ముర్రేను తీసుకొన్నాడు. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. 1908 జనవరి 1న ఓడ న్యూజిలాండు వదిలింది. ఫిబ్రవరిలో రాస్ ద్వీపంలోని కేప్ రాయిడ్స్ అనేచోట దిగి, 33 అడుగుల పొడవు, 19 అడుగుల వెడల్పు ఉన్న ఒక కొయ్యగుడిసె వేసుకొన్నారు. అందులో పదిహేనుమంది. మన హాస్టలు గదుల్లో ముగ్గురముంటే సణుక్కొంటాం! వెనక పొగలు కక్కే ఎరిబస్ అగ్నిపర్వతం, ముందు గడ్డకట్టిన సముద్రం, ప్రక్కన పెంగ్విన్ల గుంపు. శీతకాలంలో నెలలతరబడి సూర్యుడే కనిపించడు.

ఆ గుడిసె చుట్టుప్రక్కల కొన్ని చిన్న సరస్సులూ కుంటలూ ఉన్నాయి. గుర్రాలను తిప్పిన దగ్గరి కుంటకు పోనీ లేక్ అని పేరుపెట్టారు. బ్లూ లేక్, క్లియర్ లేక్, గ్రీన్ లేక్, కోస్ట్ లేక్ మిగతావి. అన్నీ మంచు పలకలే. తక్కినవారి దృష్టి అంతా దక్షిణాన ఉన్న ధ్రువం మీద. ముర్రే చూపు ఈ కుంటల మీద పడింది.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. మనలో ఫిజిక్సు వాళ్ళకిది కొత్త కాదు. నీరు నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటె బరువుగా ఉంటుంది. ఇంకా చల్లబడితే తేలికై పైకి వస్తుంది. గడ్డకట్టినా పైనే తేలుతుంది. అందుకని సరస్సు పైనుంచి క్రిందికి గడ్డకడుతుంది గాని అడుగునుంచి కాదు. పైన కట్టిన మంచుపలక కంబళిలాగా పనిచేసి క్రింది వేడిని పోనివ్వదు. లోతైన సరస్సుల్లో ఆ పలక క్రింద ఏడాది పొడవునా నీరుంటుంది. లోతు తక్కువైతే శీతకాలంలో అడుగుదాకా గడ్డకట్టి, వేసవిలో అంచులు మాత్రం కొన్ని వారాలు కరుగుతాయి. వేసవి సూర్యకాంతిలో కొంత మంచును దాటి అడుగుకు చేరుతుంది. ఆ కొద్దిపాటి వెలుగే అక్కడి పాచికి పంటకాలం.

ముర్రేకు తోడుగా రేమండ్ ప్రీస్ట్లీ అనే కుర్రవాడుండేవాడు. బ్రిస్టలులో భూగర్భశాస్త్రం రెండో సంవత్సరం చదువుతూ, చదువు మధ్యలో ఓడెక్కినవాడు. అంటే మన ఈడువాడే. (తరువాత ఈయన మెల్‌బోర్న్, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలర్ అయ్యాడు. మన క్లాసుల్లో వెనక బెంచీవాళ్ళు గమనించగలరు.) ఈ ఇద్దరూ గునపాలతో సరస్సుల మంచును తొలవడం మొదలుపెట్టారు. మా వూళ్ళో బావి తవ్వకం చూసినవాడిగా చెబుతున్నాను, పదిహేను అడుగులు చేత్తో దిగడమంటే రాళ్ళు లేని నేలలోనే నడుములు పోతాయి. అక్కడ మంచు, దానిమీద గాలి. బ్లూ లేక్‌లో అట్లా పదిహేను అడుగులు దిగాక అడుగు తగిలింది. ఆ అడుగున పలుచని పొరలు పొరలుగా పాచి పరచుకొని ఉంది.

ఆ పాచిని తెచ్చి గుడిసెలో కరగబెట్టాడు ముర్రే. కరిగిన నీటిచుక్కను మైక్రోస్కోపు క్రింద పెట్టాడు. కాసేపటికి ముడుచుకొని ఉన్న గింజల్లాంటివి కదిలాయి, సాగాయి, తలమీద చక్రాలు తిప్పడం మొదలుపెట్టాయి. స్కాట్లండు నాచుల్లో ఆయన వెయ్యిసార్లు చూసిన రోటిఫెర్ల దాయాదులే. పదిహేను అడుగుల మంచు క్రింద చావలేదు అవి.

నాకు ఇక్కడే ముర్రే మీద గౌరవం కలిగింది. చూసి, ఆశ్చర్యపడి, పేరుపెట్టి ఊరుకోలేదు. ఇవి ఎంతవరకు తట్టుకొంటాయన్న ప్రశ్న వేసుకొన్నాడు. వారం వారం గడ్డకట్టించాడు, కరిగించాడు, మళ్ళీ గడ్డకట్టించాడు. వాటికేమీ కాలేదు. ఎండబెట్టి, మళ్ళీ తడిపాడు. లేచాయి. చివరకు ఎండిన వాటిని సీసాలో పెట్టి, ఆ సీసాను మరిగే నీళ్ళలో ఉంచి మెల్లగా చల్లారనిచ్చాడు. అప్పటికీ చాలా మిగిలాయి. గడ్డకట్టిన స్థితినుంచి మరిగే నీటి దరిదాపుల వేడిదాకా, రెండు వందల ఫారెన్‌హీట్ డిగ్రీలకు పైబడిన తేడాను కొద్ది గంటల్లోనే తట్టుకొన్నవి ఉన్నాయి. పెద్ద పరికరాలేమీ లేవు. ఒక పొయ్యి, కొన్ని సీసాలు, బయటి చలి, ఒక మైక్రోస్కోపు. మన లాబులో దానికంటె ఎక్కువే ఉన్నాయి.

అక్కడ దొరికిన కొత్త రోటిఫెర్లలో ఒకదానికి ఫిలోడినా గ్రెగేరియా అని పేరుపెట్టి 1910లో వర్ణించాడు. గ్రెగేరియా అంటే మందగా ఉండేదని. ఎర్రని రంగులో లక్షలకొద్దీ గుమికూడి, కుంటల అడుగున రాళ్ళమీద నెత్తుటి మరకల్లాగా కనిపిస్తాయి ఇవి. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఆ తెగలో మగవే లేవు, అన్నీ ఆడవే. పాచి తినే రోటిఫెర్, దానితో పాటు నీటి ఎలుగు, ఇంకా చిన్న ఏకకణజీవులు. చేప లేదు, కప్ప లేదు, దోమ లేదు. ఆ సరస్సుల్లో పెద్ద మోతుబరులు ఇవే.

ఆ పాచి సంగతి కూడా చెప్పాలి. ఆ నమూనాలను పరిశీలించి వెస్ట్ అనే తండ్రీకొడుకులు 1911లో నివేదిక ప్రకటించారు. అందులో ముఖ్యమైనవి నీలి ఆకుపచ్చ నాచులు. ఇప్పుడు వీటిని సయానోబాక్టీరియా అంటున్నాం. వీటిలో నాస్టాక్ అనే తెగ అంటార్కిటికా కుంటల్లోనూ ఉంది, మా వరిమడిలోనూ ఉంది. గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చేది అదే. వ్యవసాయశాఖవాళ్ళు పొట్లాలుగా కట్టి మడిలో చల్లమన్న నీలి ఆకుపచ్చ నాచు దీని చుట్టమే. ఈ సంగతి తెలిసిన రోజున మా చెరువు బండమీద నాకున్న పాత కోపం పోయింది.

1908 అక్టోబరు చివర షాకిల్టన్ ముగ్గురిని వెంటబెట్టుకొని ధ్రువానికి బయలుదేరాడు. శిబిరం బాధ్యత ముర్రేకు అప్పగించాడు. 1909 జనవరి 9న షాకిల్టన్ 88 డిగ్రీల 23 నిమిషాల దాకా పోయి, ధ్రువం ఇంక 97 నాటికల్ మైళ్ళుండగా, ముందుకు పోతే ప్రాణాలతో తిరిగి రాలేమని వెనక్కి మళ్ళాడు. అదే నెల 16న ప్రొఫెసర్ డేవిడ్, మాసన్, డాక్టర్ మెకే దక్షిణ అయస్కాంత ధ్రువం చేరారు. వీళ్ళ పేర్లు పత్రికలకెక్కాయి. ఈ మెకే పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.

తిరిగివచ్చాక ముర్రే ఆ యాత్ర జీవశాస్త్ర నివేదికలకు సంపాదకత్వం వహించాడు. ఐర్లండు దగ్గరి క్లేర్ ద్వీపపు సర్వేలో అక్కడి రోటిఫెర్లనూ నీటి ఎలుగులనూ పరిశీలించి వ్రాశాడు. అక్కడితో ఆగి, ఇంట్లో మైక్రోస్కోపు ముందు కూర్చొని ఉంటే ఆయన జీవితం సుఖాంతమయ్యేది. కాని కొందరికి కాలు నిలవదు.

1911లో పెర్సీ ఫాసెట్ అనే బ్రిటిషు అధికారి వెంట దక్షిణ అమెరికాలో బొలీవియా, పెరూ సరిహద్దుల అడవిలోకి పోయాడు. చలిలో రాటుదేలిన మనిషికి ఆ ఉక్క అడవి పడలేదు. పుండ్లు పడ్డాయి, పుండ్లలో పురుగులు పట్టాయి, నడవలేకపోయాడు. ఇద్దరికీ చెడింది. బృందం ఆయన్ను అడవినుంచి బయటికి పంపించేసి ముందుకు సాగింది. ఆయన బ్రతికి బయటపడ్డాడు గాని ఆ చేదు మిగిలిపోయింది. 1913లో జార్జ్ మార్స్టన్‌తో కలిసి అంటార్కిటికా రోజుల గూర్చి ఒక పుస్తకం ప్రకటించి, ఆ సంవత్సరమే మళ్ళీ ఓడెక్కాడు.

ఈసారి ఉత్తరానికి. స్టెఫాన్సన్ నాయకత్వాన కెనడా ప్రభుత్వం పంపిన యాత్ర. ఓడ పేరు కార్లుక్. ముర్రే సముద్ర శాస్త్రజ్ఞుడు, డాక్టరుగా పాతమిత్రుడు మెకే. 1913 జూన్ 17న బయలుదేరిన ఆ ఓడ ఆగస్టులో అలాస్కాకు ఉత్తరాన మంచులో చిక్కుకొన్నది. సెప్టెంబరు 20న స్టెఫాన్సన్ కొందరిని తీసుకొని వేటకని దిగిపోయాడు. తిరిగి ఓడను చేరనే లేదు. ఓడ మంచుతో పాటే పడమటికి కొట్టుకుపోయింది. ఆ నెలల్లో కూడా ముర్రే వల దించి సముద్రపు అడుగునుంచి జీవులను పైకి తీస్తూనే ఉన్నాడు. తన పాటికి తాను పని చేసుకొంటూ ఉన్న ఆయన్ను తలుచుకొంటే నాకు మా తాత గుర్తొస్తాడు. పంట పోయిన యేడు కూడా పొద్దున్నే లేచి పొలం గట్టు చెక్కొచ్చేవాడు.

1914 జనవరి 11న మంచు ఒత్తిడికి పగిలిన కార్లుక్ మునిగిపోయింది. అందరూ మంచుమీద గుడారాలు వేసుకొన్నారు. రాంగెల్ ద్వీపం ఇంకా ఎంతో దూరం. కెప్టెన్ బార్ట్‌లెట్ అనుభవజ్ఞుడు. పగటి వెలుగు పెరిగేదాకా ఆగి, కుక్కలబండ్లతో దారిచేసుకొంటూ అందరం కలిసి పోదామన్నది ఆయన ఆలోచన. ముర్రే, మెకే ఇందుకు ఒప్పుకోలేదు. అంటార్కిటికాలో మనుషులే బండి లాగిన అనుభవం వాళ్ళకుంది. కెప్టెన్ బాధ్యత ఏమీ లేదని సంతకాలు పెట్టి, యాభై రోజుల తిండి తీసుకొని, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్యూషా, నావికుడు మోరిస్‌లతో కలిసి ఫిబ్రవరి 5న బయలుదేరారు. కుక్కలు లేవు, బండి వాళ్ళే లాగారు.

కొన్ని రోజుల తర్వాత దారిలో మరో బృందం వాళ్ళకు ఎదురుపడింది. బ్యూషా చేతులూ కాళ్ళూ గడ్డకట్టి చావుకు దగ్గరగా ఉన్నాడు. మిగతావారు అలసిపోయి కూడా వెనక్కి రావడానికి ఇష్టపడలేదు. అదే కడసారి చూపు. నలుగురి జాడా ఆ తర్వాత దొరకలేదు. ముర్రే వయసు అప్పటికి నలభై ఎనిమిది. కెప్టెన్‌తో ఉన్నవారిలో చాలామంది రాంగెల్ ద్వీపం చేరారు. బార్ట్‌లెట్ ఒక్క తోడుతో మంచుమీద నడిచి సైబీరియా చేరి సహాయం తెచ్చాడు. 1914 సెప్టెంబరు 7న బ్రతికినవాళ్ళను ఓడ ఎక్కించారు.

ఇది చదివాక నేను చాలారోజులు ముర్రేను తప్పుపట్టాను. గడ్డకట్టిన జీవులు ఎట్లా బ్రతుకుతాయో అందరికంటె బాగా చూసినవాడు అట్లా బయలుదేరడమేమిటి? రోటిఫెర్ చలితో కొట్లాడదు. కాలం కలిసిరానప్పుడు ముడుచుకొంటుంది, ఒంట్లో నీళ్ళు వదిలేస్తుంది, పని అంతా ఆపేస్తుంది, మళ్ళీ నీరు వచ్చేదాకా ఓర్చుకొంటుంది. మనిషికి ఆ శక్తి లేదు. మనిషికి ఉన్నది పదిమందితో కలిసి ఉండడం ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ ముర్రే వదులుకొన్నాడు. మహనీయుల జీవితాల్లో తప్పులు వ్రాయకూడదంటారు కొందరు. నాకట్లా అనిపించదు. ఆయన చేసిన మంచిపని ఎంత నిజమో ఈ తప్పూ అంతే నిజం.

ఆయన తవ్విన దారిలో తరువాతివాళ్ళు చాలా దూరం పోయారు. అంటార్కిటికా పొడిలోయల్లోని వాండా సరస్సు మీద నాలుగు మీటర్లకు అటూ ఇటూ మంచుంటే, అడుగున ఉప్పునీరు 25 డిగ్రీల దాకా వెచ్చగా ఉన్నట్లు కనుగొన్నారు. 2013 జనవరిలో విలన్స్ అనే సరస్సుకు 800 మీటర్ల మంచును తొలిచి చేరారు. వెలుగు రవంత లేని ఆ నీటిలో మిల్లీలీటరుకు లక్షకు పైగా బాక్టీరియా కణాలున్నాయి. రాళ్ళలోని రసాయనాలే వాటి తిండికి ఆధారం. సైబీరియాలో 24 వేల సంవత్సరాలుగా గడ్డకట్టి ఉన్న మట్టిలోనుంచి ఒక రోటిఫెర్‌ను లేపి, అది పిల్లల్ని కనడం కూడా చూశామని 2021లో రష్యా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ముర్రే సీసాలో చేసిన పరీక్షను ప్రకృతి అంతకాలం చేస్తూ కూర్చుందన్నమాట.

ఇదంతా పరాయిదేశాల ముచ్చట అనుకోనక్కరలేదు. 1981లో బయలుదేరిన మన మొదటి బృందం 1982 జనవరిలో అంటార్కిటికాలో దిగింది. 1989లో కట్టిన మైత్రి కేంద్రం ప్రియదర్శిని అనే సరస్సు ఒడ్డునే ఉంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అంటార్కిటికా కుంటల పాచినుంచి కొత్త బాక్టీరియా జాతులను వేరుచేసి 2002లో లోకానికి తెలిపారు. అందులో ఒకదాని పేరు ప్లానోకాకస్ అంటార్కిటికస్. మన ఊళ్ళనుంచి బస్సెక్కితే చేరే దూరంలో ఆ పని జరిగింది.

ఇక నా సంగతి. నేను రెండో సంవత్సరంలో ఉండగా మా చెరువు ఎండింది. మత్తడి దుంకడం మాట అటుంచి, తూముకు నీళ్ళందలేదు. నాట్లు పడలేదు. చదువు ఆపి ఇంటికి రావడం మంచిదేమోనని ఇంట్లో మాట నడిచింది. ఆ వేసవి సెలవుల్లో చెరువులో పూడికమట్టి తీసి పొలాలకు తోలాం. నెర్రెలు విచ్చిన ఆ మట్టిలో బండ ప్రక్కనుంచి ఒక పెళ్ళ తీసి కాగితంలో చుట్టుకొని హాస్టలుకు తెచ్చాను. స్టీలు గ్లాసులో నీళ్ళుపోసి నానబెట్టాను. రెండోరోజు లాబుకు తీసుకపోయి చూస్తే, నెలలతరబడి ఎండకు కాలిన ఆ మట్టిలోనుంచి లేచిన రోటిఫెర్లు చక్రాలు తిప్పుతున్నాయి. చాలాసేపు అట్లాగే చూస్తూ కూర్చున్నాను. చదువు ఆపనని ఆరోజే ఉత్తరం వ్రాశాను. ఫోనులో చెబితే గొంతు పెగలదని భయం.

ఆ తర్వాత ఫీజు కట్టడానికి బాపు కళాశాలకు వచ్చినప్పుడు లెక్చరరు గారి అనుమతితో లాబుకు తీసుకపోయి అదే మట్టిని చూపించాను. బాపు ఒక కన్ను మూసి, ఒళ్ళు వంచి చాలాసేపు చూశాడు. మెచ్చుకొంటాడని నేను ఎదురుచూస్తున్నాను. తల ఎత్తి ఒక్కటే అడిగాడు, ఇవి వరిని తింటాయా వదిలేస్తాయా అని. వదిలేస్తాయి, పాచినీ బాక్టీరియానూ తింటాయని చెప్పాను. మరి మడికి వీటివల్ల మేలెంత అని అడిగాడు. సగమే చెప్పగలిగాను. వీటి మలంతో, వీటి చావుతో నేలకు ఎంత బలం చేరుతుందో, మా చెరువు పూడికలో ఇవి ఎన్ని ఏండ్లు ఓర్చుకొంటాయో నేనింకా కొలవలేదు.

ఈ సంవత్సరం నా ప్రాజెక్టుకు అదే తీసుకొన్నాను. మా చెరువులో ఆరుచోట్లనుంచి తెచ్చిన ఎండుమట్టి ఆరు సీసాల్లో, తేదీలు వ్రాసి, లాబు బీరువాలో క్రింది అరలో పెట్టాను. నెలకొకసారి కొంచెం తడిపి, లేచినవాటిని లెక్కపెడుతున్నాను. మూడో సంవత్సరం పూర్తయ్యేలోగా అన్ని లెక్కలూ తేలవు. నా తర్వాత వచ్చే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక్కటే మనవి. ఆ సీసాలు పారబోయకండి.